గోడ మీది ముఖం

రోజూ ఒకే దారిలో పోయేవాళ్లకు ఆ దారిలో గోడ మీద గీసిన ముఖం కొన్నాళ్లకు తెలిసిన మనిషైపోతుంది. నాలుగంతస్తుల ఎత్తున ఒక ముసలామె ముఖం ఉందనుకోండి. మొదటిరోజు ఆగి ఫొటో తీసుకుంటాం. నెల తిరిగేసరికి, ఇవాళ ఈమె ఎందుకో దిగులుగా ఉందే అనిపిస్తుంది. దిగులు మనదే కావచ్చు. అయినా ఆ ముఖంలో దానికి చోటు దొరికిందంటే గీసినవాళ్లు ఆ చోటు వదిలారన్నమాట.

ఆ చోటు ఊరికే రాదు. పరంజా మీద నిలబడ్డ చిత్రకారులకు ముఖం కనిపించదు, చేతికందినంత మేర రంగు మాత్రమే కనిపిస్తుంది. అందుకే ముందుగా గోడంతా గళ్లు కొట్టుకుంటారు, లేదా పిచ్చిగీతలు గీసుకుని వాటి ఆనవాలుతో కొలతలు పట్టుకుంటారు. కన్ను ఒక్కటే నిలువెత్తు మనిషంత. అందులో మెరుపు కోసం పెట్టే తెల్లచుక్క అరచేయంత. అది జానెడు పక్కకు జరిగితే ఆలోచనలో ఉన్న మనిషి బెదిరిపోయినట్టు కనిపించవచ్చు. కిందికి దిగి, రోడ్డు దాటి, అవతలి ఫుట్‌పాత్ మీంచి చూసుకుని మళ్లీ పైకెక్కాలి. నేరుగా చూస్తున్నట్టు గీసిన కళ్లు మనం ఎటు నడిచినా వెంటే వస్తాయి. బొమ్మ చదునుగా ఉంటుంది కాబట్టి పక్కనుంచి చూసినా ఆ చూపు పక్కకు తిరగదు. తప్పు పడితే అదీ వెంటే వస్తుంది.

గోడలకు బొమ్మలు వేయించే సంస్థలు ఈ పనికి చదరపు అడుగుల లెక్కన డబ్బిచ్చి, వారంలో అయిపోవాలంటే ఎలా? ఎక్కడో దొరికిన ఫొటో పెట్టుకుని, నవ్వుతున్నట్టు గీసేయమంటే గోడ నిండుతుంది, అంతే. ఆ మనిషి ఎదురుగా కూర్చుని నాలుగు పూటలు మాట్లాడితే, మాట మధ్యలో ఆగినప్పుడు పెదవి ఎలా బిగుసుకుంటుందో తెలుస్తుంది. ఆ పూటలకు కూడా కూలి కట్టాలని మేము గట్టిగా కోరుతున్నాం. ముఖం ఎవరిదో వాళ్ల అనుమతి తీసుకోవాలని వేరే చెప్పాలా?

ఒక్క ముఖం ఎంత బరువో చరిత్రకు తెలుసు. 1933లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సెంటర్‌లో మెక్సికో చిత్రకారుడు డీగో రివేరా గీస్తున్న కుడ్యచిత్రంలో రష్యా కమ్యూనిస్టు నాయకుడు లెనిన్ ముఖం ఉంది. దాని బదులు ఎవరో పేరు తెలియని మనిషి ముఖం పెట్టమన్నారు ఆ భవనాలు కట్టించిన కుటుంబానికి చెందిన నెల్సన్ రాక్‌ఫెల్లర్. రివేరా ఒప్పుకోలేదు. కావాలంటే అబ్రహాం లింకన్‌ను కూడా చేరుస్తానన్నారు. చివరికి ఆయనకు డబ్బు చెల్లించి పంపేశారు. 1934 ఫిబ్రవరిలో ఆ చిత్రాన్ని పగలగొట్టారు. అదే ఏడాది మెక్సికో నగరంలో ఆయన దాన్ని మళ్లీ గీశారు.

ఎవరూ చెరపకపోయినా ఎండ ఊరుకోదు. తళుకు ఎరుపులు, పసుపులు చాలావరకు ముందుగా వెలిసిపోతాయి. కావి, ఎర్రమట్టి రంగులు నిలుస్తాయి. అంటే ముఖంలో ముందు పోయేది బుగ్గల్లోని నెత్తురే. వెనక గోడలో చెమ్మ ఉంటే ఉప్పు పొంగి రంగు పెచ్చులూడుతుంది. ప్రారంభోత్సవానికి డబ్బు దొరుకుతుంది కానీ ఈ మరమ్మతుకు దొరకదు. బెర్లిన్ గోడ మీద 1990లో వేసిన ఈస్ట్ సైడ్ గ్యాలరీ అనే బొమ్మల వరస పాడైపోయినప్పుడు 2009లో మొదట గీసినవాళ్లనే మళ్లీ పిలిచారు. సోవియట్ నేత బ్రెజ్నెవ్, తూర్పు జర్మనీ నేత హోనెకర్‌ల ముద్దు చిత్రాన్ని రష్యన్ చిత్రకారుడు ద్మిత్రీ వ్రూబెల్ తన చేత్తోనే తిరిగి వేశారు. కొందరు చిత్రకారులకు ఆ పద్ధతి మీద అభ్యంతరం ఉన్నా, ఎవరో ఒకరితో పైపూత పూయించడం కన్నా అది ఎంతో మేలు.

గోడ కూల్చాల్సిన అవసరం ఎప్పుడైనా రావచ్చు. మేము కాదనడం లేదు. కానీ తెల్లారేసరికి రోలర్‌తో ఒక మనిషిని మాయం చేయడం ఆ వీధికి చేసే అన్యాయం. నెల ముందే ఆ గోడకు, నడిచేవాళ్ల కంటికి ఆనేంత ఎత్తులో ఒక నోటీసు అంటించండి. ఫలానా రోజు ఈ ముఖాన్ని తీసేస్తున్నామని పెద్ద అక్షరాల్లో రాయండి. గీసినవాళ్లకు, ఆ ముఖం ఎవరిదో వాళ్ల ఇంటికి ముందుగా కబురు పెట్టండి.