ఊరు మారితే డిటెక్టివ్ తెలివి తగ్గుతుందా?

నల్లగొండ, మహబూబ్‌నగర్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. టీవీలో డిటెక్టివ్‌ని తెలియని ఊరికి పంపారంటే ఆ సిరీస్ పని అయిపోయినట్టేనట. అందుకు నాలుగు కారణాలు చెప్పారు. కథలు అయిపోయినప్పుడే ఊరు మారుస్తారు. ఊరు తెలియనివాడికి ఆధారాలు దొరకడం నమ్మేలా ఉండదు. అదంతా టూరిజం ప్రకటన. చివరిది, విదేశాల్లో ఎలాగోలా నడిచినా నల్లగొండ, పాలమూరు లాంటి చోట్ల అలాంటి కథ పండదు, ఇక్కడ ఎండా రాళ్లూ తప్ప ఏముందని. సిరీస్‌లు బాగా చూసేవాళ్లు కూడా "కరెక్ట్" అంటూ దీన్ని పంపుతున్నారు. నాలుగూ తప్పే. నాలుగోది చదివితే నాకు ఒళ్లు మండింది.

కథలు అయిపోవడం సంగతి ముందు చూద్దాం. అమెరికా సిరీస్ 'కొలంబో'లో హీరో లండన్ వెళ్లింది 1972లో, అప్పటికి నడుస్తున్నది రెండో సీజనే. బీబీసీలో 2011లో మొదలైన 'డెత్ ఇన్ ప్యారడైజ్' అయితే మొదటి ఎపిసోడే లండన్ పోలీసాఫీసర్ రిచర్డ్ పూల్ కరీబియన్ దీవిలో దిగడంతో మొదలవుతుంది. ఉక్కపోతలో సూటు విప్పడు, ఇసుకంటే చిరాకు, మంచి టీ దొరకదని గొణుగుడు. ఆ పాత్ర పోయాక కూడా వరసగా కొత్త ఆఫీసర్లు వచ్చారు, సిరీస్ ఆగలేదు. ఇంకా వెనక్కి పోతే అగాథా క్రిస్టీ నవలల డిటెక్టివ్ పాయిరో ఉన్నాడు. 1920లో వచ్చిన మొదటి నవలలోనే అతను యుద్ధం వల్ల ఇంగ్లండ్ చేరిన బెల్జియం శరణార్థి. డేవిడ్ సూషే టీవీలో ఆ పాత్రని 1989 నుంచి 2013 దాకా చేశాడు. ఇంగ్లిషువాళ్లు ఈ పొట్టి మీసాలాయన్ని చూసి నవ్వుకుంటారు, అతని ముందు జాగ్రత్త లేకుండా మాట్లాడేస్తారు. అతని కేసులు సగం అలాగే తేలతాయి. పరాయివాడు కావడం ఆ పాత్రకి పుట్టుకతో వచ్చింది. కథలు అయిపోయాక ఎవరూ తగిలించలేదు.

రెండో కారణం పైకి సబబుగానే ఉంటుంది. ఊరు తెలియనివాడు ఊరి గుట్టు ఎలా పట్టుకుంటాడు? దీనికి 2013లో వచ్చిన బ్రిటిష్ సిరీస్ 'బ్రాడ్‌చర్చ్' చాలు. సముద్రం పక్కన చిన్న టౌన్. బీచ్‌లో పదకొండేళ్ల పిల్లాడి శవం. కేసు చూసేది ఇద్దరు. ఎల్లీ మిల్లర్ ఆ ఊరి మనిషి, చనిపోయిన పిల్లాడి తల్లితో స్నేహం ఉంది, ఎవరింటికైనా చొరవగా వెళ్లగలదు. అలెక్ హార్డీ కొత్తగా వచ్చాడు, ఎవరికీ నచ్చడు, ఎవరితోనూ కలవడు. సాక్షుల ఇంట్లో కూర్చున్నప్పుడు ఆమెకి కనిపించేది చిన్నప్పటి నుంచి తెలిసిన ముఖాలు, అతనికి కనిపించేది అనుమానితులు. ఎవరినీ నమ్మొద్దని అతను చెప్తుంటే ఆమెకి కోపం వస్తుంది. చూడనివాళ్ల కోసం ముగింపు చెప్పను. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మనవాళ్లు ఊరికే అనలేదు. అలాగని హార్డీ ఒక్కడే చేయగలడా అంటే చేయలేడు. ఏ తలుపు కొట్టాలో ఎల్లీకి తెలుసు, తలుపు తీశాక ఏం అడగాలో అతనికి తెలుసు. డెత్ ఇన్ ప్యారడైజ్‌లో పూల్ పక్కన ఆ దీవి పోలీసులు కమీల్, డ్వేన్, ఫిడెల్ ఉన్నదీ అందుకే.

పైగా కొత్త చోట చేతిలో సరంజామా ఉండదు. 1975లో వచ్చిన ఒక కొలంబో ఎపిసోడ్‌లో హీరో భార్యతో ఓడ ఎక్కి సెలవు మీద వెళ్తుంటాడు. అక్కడ హత్య జరుగుతుంది. ల్యాబ్ లేదు, వేలిముద్రల పొడి లేదు. పెన్సిల్ ములుకు పొడి చేసి దాంతో పని కానిస్తాడు. సొంత ఊళ్లో ఉంటే ఒక ఫోన్ కొట్టేవాడు, మనకి ఆ సీనే ఉండేది కాదు.

టూరిజం ప్రకటన అన్న మాటలో కొంత నిజం ఉంది. డెత్ ఇన్ ప్యారడైజ్ కథ జరిగే సెయింట్ మేరీ అనేది కల్పిత దీవి, షూటింగ్ జరిగేది గ్వాడెలూప్‌లోని డెజే అనే ఊళ్లో. కథతో పని లేకుండా నీలం సముద్రం చూపించిన ఎపిసోడ్లు ఉన్నాయి. కానీ మిస్టరీకి దీవి వల్ల ఒక లాభముంది: అనుమానితులు ఎక్కడికీ పోలేరు. లొకేషన్ అందంగా ఉండటం తప్పు కాదు, దానితో పని చేయించుకోకపోతేనే తప్పు.

ఇక మన సంగతి. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు మాట్లాడుతున్నారు కానీ, ఈ ప్రయత్నం తెలుగులో ఇప్పటికే జరిగింది. 2024 నవంబరులో జీ5లో వచ్చిన 'వికటకవి'లో రామకృష్ణ అనే డిటెక్టివ్ హైదరాబాద్ నుంచి నల్లమలలోని అమరగిరికి వస్తాడు. అక్కడ దేవతల గుట్టకి వెళ్లినవాళ్లకి జ్ఞాపకం పోతుంటుంది. సిరీస్‌లో లోపాలు వెతకొచ్చు. ఈ నేల మీద ఇలాంటి కథ కుదరదని మాత్రం అనలేం.

ఎండా రాళ్లేనా ఇక్కడున్నవి? నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలుసు. చిన్నప్పుడు, పళ్లు తయారయ్యే వయసులో, అంటే సుమారు 8 ఏళ్లలోపు ఆ నీళ్లు తాగితేనే పళ్ల మీద గోధుమరంగు గీతలు పడతాయి. పెద్దయ్యాక తాగితే పడవు, ఒకసారి పడితే వాటంతట అవి పోవు. ఇప్పుడు అక్కడి పోలీస్ స్టేషన్‌కి బయటి నుంచి ఒక ఎస్సై వచ్చాడనుకోండి. ఎదురుగా కూర్చున్న మనిషి, పుట్టి పెరిగింది హైదరాబాద్‌లోనే సార్, ఈ వైపు రావడం ఇదే మొదటిసారి అంటాడు. మాట్లాడుతుంటే ముందు పళ్ల మీద అడ్డంగా గీతలు కనిపిస్తాయి. గండిపేట నీళ్లు తాగి పెరిగినవాడికి అవి రావు. ఫ్లోరైడ్ నీళ్లు వేరే జిల్లాల్లోనూ ఉన్నాయి కాబట్టి అతనిది మర్రిగూడే అని తేలదు, కానీ చెప్పిన బాల్యం అబద్ధమని అనుమానించడానికి అది చాలు. పక్కనున్న కానిస్టేబుల్ ఆ గీతల్ని గమనించడు. ఆయన ఇంట్లో అందరికీ ఉన్నాయి. "వీళ్ల పళ్లెందుకు ఇలా ఉన్నాయి?" అని అడగాలంటే కొత్తవాడే కావాలి.

పాలమూరులో ఇంకో సంగతి. మనిషి కనిపించకపోతే "బొంబాయి పోయిండు" అంటారు. దశాబ్దాలుగా ఊళ్లకి ఊళ్లు వలస పోయిన చోట ఆ జవాబు విన్నాక ఎవరూ మళ్లీ అడగరు. పండక్కి రాకపోతే పని దొరికి ఉంటుందనుకుంటారు. హత్య చేసినవాడికి ఇంతకంటే మంచి సాకు దొరకదు. కొత్తగా వచ్చిన డిటెక్టివ్‌కి ఆ జవాబు అలవాటు లేదు. ఏ మేస్త్రీ గుంపులో పోయాడు, అడ్వాన్స్ ఎవరు తీసుకున్నారు, బస్సు ఎక్కుతుంటే ఎవరు చూశారు అని అడుగుతాడు. మూడో ప్రశ్నకి ఎవరి దగ్గరా జవాబు ఉండదు. అక్కడే కథ మొదలు.

ఇలాంటి సిరీస్‌ల మీద ఫిర్యాదు చేయాలనుంటే చేయండి, న్యాయమైనది ఒకటుంది. గద్వాల మనిషితోనూ సూర్యాపేట మనిషితోనూ ఒకే యాస మాట్లాడించి దానికి తెలంగాణ అని పేరు పెట్టడం. రాయచూరు, కర్నూలు పక్కనున్న గద్వాల మాటకి ఆ గాలి తగులుతుంది, సూర్యాపేట మాట వేరు. మిస్టరీలో ఆ తేడాయే ఒక ఆధారం కావచ్చు. రాసేవాళ్లు దాన్ని చేతులారా పారేసుకుంటున్నారు. ఆ మాట రాసి ఫార్వర్డ్ చేస్తే నేనూ పదిమందికి పంపుతాను.