చిన్నాయన నవ్వితే బండి మోగుతుంది

మా చిన్నాయనవి పుట్టుకతోనే చిన్న కళ్లు. నవ్వితే ఆ ఉన్నవి కూడా కనపడవు. ఈ సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు, ఆయన కొత్త కారుకు తప్ప.

దాని స్టీరింగ్ వెనక చిన్న కెమెరా ఉంది. కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగుతో, చీకట్లో కూడా డ్రైవర్ రెప్పల్నే చూస్తుంటుంది. రెప్పలు 80 శాతానికి పైగా వాలి ఎంతసేపున్నాయని లెక్క కడుతుంది. లెక్క మించితే కుయ్ కుయ్‌మని మోగి, మీటర్ల మధ్య కాఫీ కప్పు బొమ్మ వేస్తుంది. యూరప్‌లో 2024 జూలై నుంచి కొత్త కార్లన్నిటికీ నిద్రమత్తు హెచ్చరిక తప్పనిసరి. అక్కడివాళ్లు బండి నడుపుతూ ఇంతగా నవ్వరు కాబోలు.

కార్తీకంలో కురుమూర్తి జాతరకు బయల్దేరాం. శంషాబాద్ దాటకముందే చిన్నమ్మ తన తమ్ముడి పెళ్లినాటి ముచ్చట ఎత్తింది. చిన్నాయన పగలబడి నవ్వాడు. కుయ్!

"నేను నిద్రపోయిననా? నవ్విన!" అని కెమెరాకు సంజాయిషీ ఇచ్చాడు. అది వినలేదు. బండి ఆపి డోర్ తీస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుందని షోరూం పిల్లగాడు చెప్పాడట. ఆపాం, చాయ్ తాగాం.

షాద్‌నగర్ దాటాక రోడ్డు పక్కన ఆంజనేయస్వామి గుడి. చిన్నాయన అలవాటు కొద్దీ కళ్లు మూసి ఛాతీకి చెయ్యి తాకించాడు. కుయ్! "దేవునికి దండం గూడ పెట్టనియ్యదా ఇది?" మళ్లీ చాయ్. హైవే మీద కళ్లు మూసే భక్తి విషయంలో ఆంజనేయస్వామి కూడా కెమెరా పక్షమే అని నా అనుమానం.

బాలానగర్ వచ్చింది. సీతాఫలాల్లో ఆ ఊరి పేరుతోనే ఒక రకం ఉంది, ఇక బుట్టల సంగతి చెప్పాలా! "కండ్లు విచ్చిన కాయలు చూసి కొనాలె" అంటూ చిన్నాయన మెడ ఎడమకు తిప్పాడు. తిప్పినవాడు తిప్పినట్టే ఉన్నాడు. ఈసారి మోత, చూపు రోడ్డు మీద లేనందుకు.

"కాయలు కండ్లు తెరిచినయంట, నిన్నే తెరువుమంటున్నది" అంది చిన్నమ్మ.

జడ్చర్ల చేరేసరికి అందరికీ చాయ్ మీద విరక్తి పుట్టింది, పెట్రోల్ బంకు ఎక్కడుందా అని చూపులు మొదలయ్యాయి. ఆ తర్వాత మోతను ఎవరూ పట్టించుకోలేదు. మోగగానే చిన్నాయన "నవ్విన, నవ్విన" అనేవాడు, మేం ఊకొట్టేవాళ్లం.

జాతర చూసుకుని, దేవరకద్రలో చుట్టాలింట్లో పప్పు, పచ్చిపులుసు, గడ్డపెరుగుతో పీకలదాకా తిని తిరుగుముఖం పట్టాం. మధ్యాహ్నపు ఎండ, నున్నటి రోడ్డు, బండిలో మాటామంతీ లేదు. ఉన్నట్టుండి టైరు అంచు గీత ఎక్కి బర్రుమంది. కుయ్ కుయ్ కుయ్!

"నవ్విన!" అన్నాడు చిన్నాయన ఉలిక్కిపడి.

"ఎందుకు?" అంది చిన్నమ్మ.

ఆయన కాసేపు ఆలోచించాడు. "మీ తమ్ముని పెండ్లి యాదికొచ్చింది."

"మా తమ్ముని పెండ్లి యాదికొస్తే గురక వస్తదా? పక్కకు ఆపు."

ఆమె స్టీరింగ్ పట్టింది. రాయికల్ టోల్‌గేట్ దాటినా, హైదరాబాద్ చేరినా కెమెరా నోరెత్తలేదు. వెనక సీటు గురక దాని డ్యూటీలోకి రాదు.

మర్నాడు చిన్నాయన షోరూంకు ఫోన్ చేశాడు. ఆ మోతను సెట్టింగ్స్‌లో ఆపుకోవచ్చని, ఎట్లా అన్నది కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉందని చెప్పారు. ఆ పుస్తకం ఇప్పుడు చిన్నమ్మ బీరువాలో, పట్టుచీరల కింద ఉంది. తాళంచెవి ఆమె కొంగున ఉంది.