చెవి పోతుంటే మిల్లీమీటర్లు లెక్కపెడుతున్నారు

వెస్టిబ్యులర్ ష్వానోమా అనేది వినికిడిని దెబ్బతీసే కణితి, క్యాన్సర్ కాదు. లోపలి చెవి నుంచి మెదడుకు వెళ్లే ఎనిమిదో నాడిలో, శరీరం తూలకుండా చూసే శాఖ చుట్టూ తొడుగులా ఉన్న ష్వాన్ కణాల్లో పుడుతుంది. పెరిగితే ఏడాదికి సగటున ఒకటి రెండు మిల్లీమీటర్లు. ఆ మాత్రం కూడా పెరగనివి బోలెడు. ఇంత నత్తనడక కణితిని ల్యాబుల్లో ఎక్కువగా దేని మీద పరిశోధిస్తున్నారు? ఆగకుండా విభజన చెందే కణాల మీద. తిరకాసంతా అక్కడే ఉంది.

22వ క్రోమోజోము మీది ఎన్‌ఎఫ్2 జన్యువును 1993లో కనిపెట్టారు. అది తయారుచేసే మెర్లిన్ ప్రొటీన్ లోపిస్తే ష్వాన్ కణాల పెరుగుదలకు పగ్గం ఉండదన్నది తెలిసిందే. దీన్ని పరీక్షించడానికి తరచూ వాడే సెల్ లైన్ (ల్యాబులో ఎడతెగకుండా పెంచుకునే కణాల వంశం) హెచ్‌ఈఐ-193. అది రోగి కణితి నుంచి వచ్చిందే, కాదనను. కానీ చావు లేకుండా చేయడానికి అందులో పాపిలోమా వైరస్ ఈ6, ఈ7 జన్యువులు చొప్పించారు. కణ విభజనను అదుపు చేసే ప్రొటీన్లలో ఈ6 పీ53ని కూలుస్తుంది, ఈ7 ఆర్‌బీని కట్టిపడేస్తుంది. విభజనకున్న రెండు పెద్ద బ్రేకులూ పీకేశాక, ఫలానా మందు ఆ కణాల జోరు తగ్గించిందంటే తగ్గింది కణితి జోరా, వైరస్ జోరా?

దీనికి బదులు ఆపరేషన్‌లో తీసిన తాజా కణితి ముక్క వాడొచ్చు, కానీ దాంతో పని కష్టమే. అల్ట్రాసోనిక్ ఆస్పిరేటర్ పీల్చిన గుజ్జు, కాటరీ కాల్చిన అంచు అంతగా పనికిరావు. అవి తగలకముందే సర్జన్ ముక్క కోసి చల్లని మీడియంలో, అంటే కణాలను బతికించే ద్రవంలో వేయాలి. దాన్ని మిల్లీమీటరు ముక్కలుగా తరిగి, కణాలను విడదీసే ఎంజైములు కొల్లాజినేజ్, హయాలురోనిడేజ్ కలిపి 37 డిగ్రీల దగ్గర రాత్రంతా నానబెడతారు. కొల్లాజెన్ పీచు అంత గట్టిది, మామూలుగా వాడే ట్రిప్సిన్ ఎంజైము ఒక్కదానికి లొంగదు. విడిపోయిన కణాలను పాలీ-లైసిన్, లామినిన్ పూసిన గాజు పలకల మీద పరుస్తారు. పూత సరిగా లేకపోతే అంటుకోకుండా తేలిపోతాయి. అంటుకున్నవి రెండు కొసలూ సాగి సన్నగా కనిపిస్తాయి, ష్వాన్ కణాలను గుర్తుపట్టించే ఎస్100 ప్రొటీన్ రంగు పడుతుంది. అసలు తలనొప్పి ఫైబ్రోబ్లాస్టులు, అంటే కణితిలో కలిసి వచ్చే పీచు కణజాలపు కణాలు. ఏకులా వచ్చి మేకులా దిగబడతాయి: మొదట అక్కడొకటి ఇక్కడొకటి, కొన్ని పాసేజీలు (కణాలను కొత్త డిష్షులోకి మార్చే విడతలు) దాటేసరికి డిష్షంతా అవే. ఎస్100 పట్టిన కణాలు నూటికి ఎన్నో లెక్కచూడకుండా గ్రాఫు గీస్తే అది ఫైబ్రోబ్లాస్టుల గ్రాఫే.

చావులేని కణాలు లేకపోతే వందల మందులను జల్లెడ పట్టేదెలా అంటారు. న్యాయమైన ప్రశ్నే. మెర్లిన్ లేని సెల్ లైన్లలో, ఎలుకల్లో పరీక్షించిన బ్రిగాటినిబ్ అనే మందుతో 40 మంది రోగుల మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2024లో వచ్చాయి, కొందరిలో కణితులు తగ్గాయి కూడా. జల్లెడగా వాడుకోండి, తీర్పరిగా కూర్చోబెట్టకండి.

కణితి సైజుకూ వినికిడి నష్టానికీ పొంతన కుదరదు. చిన్న గడ్డతో చెవి పోయినవారూ ఉన్నారు, పెద్దదానితో ఫోన్‌లో హాయిగా మాట్లాడేవారూ ఉన్నారు. నాడి నలిగిందన్న ఒక్క కారణంతో ఇది తెగదు. 2015లో వెలువడిన ఒక పరిశోధనలో ఆపరేషన్‌లో తీసిన కణితులను మీడియంలో ఉంచి, అవి విడిచిన స్రావాన్ని ఎలుక కాక్లియా (లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే భాగం) ముక్కల మీద వేశారు. వినికిడి బాగా దెబ్బతిన్నవారి కణితుల స్రావం కాక్లియాను ఎక్కువగా పాడుచేసింది. ఆ స్రావంలోని టీఎన్‌ఎఫ్-ఆల్ఫా అనే వాపు కలిగించే ప్రొటీన్‌ను యాంటీబాడీతో అడ్డుకుంటే ఆ నష్టం కొంత తగ్గింది. అంటే కణితి చెవిని నొక్కడమే కాదు, విషం కూడా చిమ్ముతోంది! ఈ సంగతి హెచ్‌ఈఐ-193 ఏనాటికీ చెప్పలేదు, ఎందుకంటే పోల్చి చూడటానికి దానికి వేర్వేరు రోగులూ లేరు, వాళ్ల ఆడియోగ్రాములూ (వినికిడి పరీక్ష నివేదికలూ) లేవు.

పరిశోధన రంగానిది మొత్తంగా ఇదే జాడ్యం. ఏది తొందరగా లెక్కకొస్తే అదే లక్ష్యమైపోతుంది. మూడు రోజుల్లో కణాల సంఖ్య చెప్పే పరీక్ష పేపరుగా మారినంత సులువుగా, ఒక్కో కణితి కోసం ఆపరేషన్ గది బయట కాచుకునే పని మారదు. రోగికి కావలసింది మాత్రం ఆ చెవితో మాట వినబడటం. కాబట్టి ఫ్రీజర్‌లోకి వెళ్లే ప్రతి ట్యూబు లేబుల్ మీద కణితి సైజు పక్కనే ఇంకో రెండు అంకెలు రాయండి: ఆపరేషన్‌కు ముందు ఆ చెవి ఎన్ని డెసిబెల్స్ దగ్గర వినేదో, నూటికి ఎన్ని మాటలు గుర్తుపట్టేదో.