కర్నూలు సోనా బియ్యం వారికి ఒక విన్నపం

మహారాజశ్రీ కర్నూలు సోనా బియ్యం గారి దివ్య సముఖమునకు, బుధవారపేట వాస్తవ్యుడు కంచం ముందు కూర్చుని రాసుకున్న విన్నపం.

అయ్యా, మీ తెలుపునీ సన్నదనాన్నీ నేను కొత్తగా పొగడక్కర్లేదు. హైదరాబాదులో ఉన్న మా బంధువులు కూడా మీ పేరున్న బస్తానే కొంటారు (లోపల ఉన్నది మీరో కాదో దేవుడికి తెలియాలి). ఆ తెలుపు కోసమే కదా మిల్లులో పాలిష్ పట్టించుకుంటారు. పీచు, బి విటమిన్లు, మెగ్నీషియం చాలావరకు తవుడుతోనే పోతాయి. ఆ తవుడేమో గేదె తింటుంది. మా వీధిలో ఇంకా షుగర్ రానిది దానికే.

నేను మెచ్చేది మీ తెలివి. ఇంట్లో ఎవరికైనా షుగర్ వచ్చిందంటే నింద పంచదార మీద పడుతుంది. టీ కొట్టు దగ్గర "నాకు షుగర్ లేకుండా" అని గట్టిగా చెప్పే పెద్దమనిషి, మధ్యాహ్నం పప్పుకొకసారి, రసానికొకసారి, పెరుగుకొకసారి మిమ్మల్ని వడ్డించుకుంటాడు. వంద గ్రాముల బియ్యంలో 78 గ్రాముల దాకా పిండిపదార్థమే, అరిగితే అదీ గ్లూకోజే అవుతుందంటే "అన్నం తియ్యగా ఉండదు కదప్పా" అంటాడు. పొద్దున ఉగ్గానిలో బొరుగుల వేషంలో వచ్చేదీ మీరే. తిట్లు మాత్రం పక్కనున్న మిరపకాయ బజ్జీకి.

ఒకప్పుడు సీమలో జొన్నరొట్టె, కొర్రన్నం, రాగిసంగటి రోజూ తినేవాళ్లు. మీరు పండగలకొచ్చే చుట్టం. కేసీ (కర్నూలు–కడప) కాలువ నీళ్లొచ్చాయి, 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది, మీ జాతి రోజూ కంచంలోకి దిగింది. ఆకలి తీరిన మాట నిజం, కాదనను. కొర్రలు పేదల తిండని నామోషీ పడ్డవాళ్లే ఇప్పుడు వాటిని అరకిలో ప్యాకెట్లో మీకంటే ఎక్కువ ధర పెట్టి కొంటున్నారు. అయినా ముద్ద సైజు తగ్గకపోతే రాగిసంగటి కూడా షుగర్ పెంచుతుంది. ఆ సంగతి ప్యాకెట్ మీద రాయరు.

ఇన్నాళ్లూ మీ లావాదేవీ పొట్టతోనే అనుకున్నాం. ఒంటి బరువులో రెండు శాతం ఉండే మెదడు మన శక్తిలో దాదాపు ఐదో వంతు వాడుకుంటుంది. దానికి గ్లూకోజ్ కావాల్సిందే. కానీ రక్తంలో అది ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే మెదడులోని సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి. మతిమరుపు జబ్బుకు దారితీసే, మనం మార్చుకోగల కారణాలు 14 అని లాన్సెట్ వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో ఒక జాబితా ఇచ్చింది. అందులో షుగర్ ఉంది, ఊబకాయం ఉంది, కదలకుండా కూర్చోవడం ఉంది. మీ పేరు లేదు. అక్కడా తప్పించుకున్నారు!

అన్నీ మీ నెత్తినే వేయను. రాత్రి పదింటికి తిని, అర్ధరాత్రి దాకా ఫోను చూడమని మీరేం చెప్పలేదు. నిద్ర చాలకపోతే, రక్తంలోని గ్లూకోజును అదుపులో పెట్టే ఇన్సులిన్ మాట ఒళ్లు సరిగా వినదు, అది మీ పరిధిలోది కాదు.

కాబట్టి రాజీకి రండి. ముందు గోరుచిక్కుడు కూర, పప్పు తింటాం. తర్వాత మీరు, ఒక్కసారే. తిన్నాక కొండారెడ్డి బురుజు వైపు ఓ పావుగంట నడుస్తాం, కాళ్ల కండరాలు రక్తంలోని గ్లూకోజును కొంత లాక్కుంటాయి.

జవాబు రాస్తే మాత్రం మా ఇంటికి పంపకండి. అక్కడ మీ పార్టీదే మెజారిటీ. రెండోసారి వద్దంటే చాలు, "ఏం, వంట బాగలేదా?" అని గరిటె ఎత్తుతారు.

ఇట్లు,
కంచానికి చెయ్యి అడ్డం పెట్టినవాడు