మన కొండలకి మేపుల్ ఆకులు అతికించకండి బాబూ

మా ఒడిశా రాయగడ చుట్టుపక్కల, చలిదేశాల్లో పెరిగే మేపుల్ చెట్టు ఎక్కడుందో చూపించినవాళ్ళకి వారం రోజులు టిఫిన్ నా ఖర్చు. ఉండదు కదా! మరి మన పిల్లల డ్రాయింగ్ పుస్తకం ఏది తిప్పినా అదే బొమ్మ: అటూ ఇటూ నారింజరంగు చెట్లు, మధ్యలో బాట, బాట పక్కన బెంచీ. ఆ బెంచీ ఒకటి! యూట్యూబ్ పెట్టుకుని స్పాంజితో అద్దేస్తారు, ప్రైజు పట్టుకుపోతారు.

మొన్నొక పోటీలో మా వీధి పిల్ల కొండవార కుసుం చెట్టుని నిలువెల్లా ఎర్రగా వేసింది. "మన సైడు ఎర్ర చెట్లెక్కడివమ్మా, ఆకులు పచ్చగా వెయ్యాలి" అన్నారు జడ్జిగారు. ఫస్ట్ ప్రైజు మేపుల్ బొమ్మకి వెళ్ళింది. ఆ పిల్ల ఏమీ అనలేదు గానీ నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

చలిదేశాల్లో సెప్టెంబరు దాటాక పగలు కురచబడుతుంది, చలి మొదలవుతుంది. చెట్టు ఆకులోని పచ్చదనాన్ని విరిచి లోపలికి లాగేసుకుంటే, అడుగున దాగున్న పసుపు బయటపడుతుంది. కొన్ని చెట్లు అప్పుడే ఎరుపు కొత్తగా తయారుచేస్తాయి. బాగుంది, వాళ్ళు వేసుకోనీ. మనకి ఆశ్వయుజ కార్తీకాల్లో ఏముంటుంది? నాగావళి ఒడ్డున తెల్లటి రెల్లు, పండుతున్న వరి, కొరాపుట్ వైపు మెట్టల మీద వలిసెపూల పసుపు. కొండ మాత్రం పచ్చగానే ఉంటుంది. ఆకు రాలేది మాఘ ఫాల్గుణాల్లో, అదీ చలికి కాదు, నీళ్ళు చాలక. అప్పుడు చూడాలి. బూరుగు, మోదుగ ఒంటిమీద ఆకు లేకుండా పూస్తాయి. రావి రాగిరంగు చిగురు వేస్తుంది, పూత రాలాక ఇప్ప కూడా అంతే. కుసుం సంగతి చెప్పనే అక్కర్లేదు, దూరం నుంచి చూస్తే చెట్టంతా పూసిందనుకుంటాం. దగ్గరికెళ్తే అంతా లేతాకే. లేతాకుని ఎండ దెబ్బ నుంచి ఆ ఎరుపు కాస్తుందని అంటారు. కొన్నాళ్ళకే పచ్చబడిపోతుంది.

అంటే ఇక్కడి ఎరుపు రాలబోయే ఆకుది కాదు, పుట్టిన ఆకుది. బొమ్మలో తేడా అంతా ఇక్కడే. ఎండుటాకు మందంగా ఉంటుంది, బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి బ్రౌన్ పడుతుంది. చిగురు పల్చన, వెలుగు దానిలోంచి దూరి వస్తుంది. కాబట్టి బ్రౌన్ ముట్టుకోవద్దు. వాటర్ కలర్ అయితే ముందు లెమన్ యెల్లో పల్చగా పరిచి, తడి ఆరకముందే వెర్మిలియన్ (సింధూరపు ఎరుపు) వదలండి, క్రిమ్సన్ (ముదురెరుపు) నీడవైపుకి దాచుకోండి. నీడ ముదరాలంటే క్రిమ్సన్‌లో చిటికెడు ఆకుపచ్చ చాలు, నలుపు పోస్తే చిగురు చచ్చిపోతుంది. పోస్టర్ కలర్‌లో తెలుపు కలిపితే పీచుమిఠాయి రంగొస్తుంది, అదీ వద్దు.

ఇంకో సంగతి. నారింజ చెట్టు వెనక చిక్కటి నీలం ఆకాశం పెట్టే చిట్కా వీడియోలన్నిటిలో ఉంటుంది. మన మార్చి ఆకాశం అలా ఉంటుందా? దుమ్ము, పోడు పొగ కలిసి తెల్లగా, బూడిదగా ఉంటుంది. వెనక కొండ ఊదా కలిసిన బూడిదరంగు, కింద రాలినాకు కూడా మట్టిరంగే. ఈ నీరసపు రంగుల మధ్యే కుసుం భగ్గుమంటుంది. ఎరుపు చాలట్లేదనిపిస్తే ఇంకా ఎరుపు పూయకండి, దాని పక్కనున్నవాటిని ఇంకొంచెం చప్పగా చెయ్యండి.

ఇంత ఎరుపు వేస్తే జడ్జీలు నమ్మరంటారా? 1860లో జాస్పర్ క్రాప్సీ అనే అమెరికా చిత్రకారుడు హడ్సన్ నది ఒడ్డున ఆకురాలు కాలాన్ని లండన్‌లో కూర్చుని పెద్ద కాన్వాసు మీద వేశాడు. చెట్లకి ఇంత రంగేమిటని అక్కడివాళ్ళు అనుమానపడితే, అమెరికా ఆకులే తెప్పించి బొమ్మ పక్కన పెట్టి చూపించాడు. ఈరోజు జడ్జీలు కళ్ళు మూసుకుని ఒప్పుకుంటున్న మేపుల్ రంగు గతి ఒకప్పుడు అదీ!

పోటీలేమో ఆగస్టు 15కీ, నవంబరు 14కీ పెడతారు, కొండ పచ్చగా ఉన్నప్పుడు. ఏప్రిల్ 1న ఉత్కళ దివస్, అంటే ఒడిశా ఏర్పడిన రోజు, ఉంది కదా, ఆ రోజుకి "మన కొండ చిగురు" అని ఒక్క అంశం ఇవ్వండి. పిల్లలకి రెండు వారాల ముందే చెప్పండి, చెట్టు దగ్గరికి పోయి చూసి వేస్తారు. జడ్జిగారిని కూడా వాళ్ళతోపాటే బస్సెక్కించండి. ఈసారి మా వీధి పిల్ల చేతికి బొమ్మతోపాటు కుసుం కొమ్మ కూడా ఇచ్చి పంపుతాను.