ఫ్రేములో లేని ఫీడర్

చేసిన దానం చెప్పుకోకూడదన్నారు పెద్దలు. ఆ మాటను అక్షరాలా పాటిస్తున్న మనుషులు భూమ్మీద ఒక్కరే మిగిలారు: చలికాలంలో పెరట్లో పక్షులకు గింజలు పెట్టి, వాటి ఫొటోలు తీసేవాళ్లు. ఒక దుప్పటి ఇచ్చి, దాని నాలుగు కొసలూ నలుగురు పట్టుకుని, కెమెరా వైపు తిరిగి నవ్వే లోకం ఇది. అలాంటి లోకంలో బస్తాల కొద్దీ పొద్దుతిరుగుడు గింజలు పోసి, ఆ గింజ కనబడకుండా, గింజ పోసిన గొట్టమూ కనబడకుండా, పక్షి ఏదో మహారణ్యంలో తన మానాన తానుంటే మన కంటపడినట్టు చూపించడం మామూలు వినయం కాదు. ఈ వినయానికి రావలసిన గుర్తింపు ఇంతవరకూ రాలేదు. ఆ లోటు తీర్చడం బాధ్యతగా భావిస్తున్నాను.

విధానం తెలియనివారి కోసం కొంచెం వివరంగా చెబుతాను. ఫీడర్, అంటే పక్షులకు గింజలు పోసి వేలాడదీసే ఆ గొట్టం, చూడముచ్చటైన వస్తువేమీ కాదు. ప్లాస్టిక్ గొట్టం, ఇనుప కొక్కెం, వాటి మీద ధారాళంగా రెట్ట. ఫొటోలో ఇది పడితే లైకులు పడవు. అయితే పక్షికి ఒక అలవాటుంది. నేరుగా గింజల మీద వాలదు. ముందు పక్కనెక్కడో ఆగి, అటూ ఇటూ చూసి, ప్రమాదం లేదనుకున్నాకే వస్తుంది. ఆ ఆగే చోటు మనం పెట్టిన కొమ్మే అయ్యేలా చూసుకోవడంలోనే కళంతా ఉంది. అందుకని ఫీడర్‌కు ఒకటి రెండు అడుగుల దూరంలో ఒక ఎండుకొమ్మను క్లాంపుతో బిగిస్తారు. కొమ్మకు వంపు ఉండాలి, వంకర ఉండకూడదు. నాచు ఉండాలి, మరీ పెట్టినట్టు ఉండకూడదు. పక్షి కంటే కొమ్మ అందంగా ఉండకూడదు. వెనకాల గోడో, పక్కింటి చెత్తడబ్బానో ఉంటే ఫరవాలేదు, కాస్త దూరంగా ఉంటే చాలు. దూరపుదాన్ని దగ్గరగా చూపే 600 మిల్లీమీటర్ల లెన్సు దాన్ని కూడా మెత్తటి పచ్చటి పొగమంచుగా మార్చేస్తుంది. పక్షి వెనక కనిపించే ఆ కలలాంటి పచ్చదనాన్ని చూసి నిట్టూర్చిన సహృదయులందరికీ మనవి: అందులో సగం ప్లాస్టిక్ డబ్బాలే.

ఇంతా చేసి ఫొటో కింద ‘ప్రకృతి ఒడిలో’ అని రాస్తారు. ‘క్లాంపు ఒడిలో’ అని రాసిన నిజాయితీపరులు ఇంకా తారసపడలేదు.

చలికాలం ఈ కళకు పరీక్షాకాలం. పగలు కురచ, వెలుతురు పల్చన. ఉత్తర అమెరికాలో చికడీ అని ఒక పిట్ట ఉంది, బరువు పది పన్నెండు గ్రాములు. ఫీడర్ దగ్గరికి వచ్చి ఒకే ఒక్క గింజ కరుచుకుని మాయమవుతుంది. దూరంగా కొమ్మ మీద ఆ గింజను కాళ్లతో అదిమిపట్టి పొడుచుకు తింటుంది, లేదంటే బెరడు సందులో దాస్తుంది. అలా దాచిన చోట్లు లెక్కలేనన్ని ఉన్నా గుర్తుపెట్టుకుంటుంది. మెమరీ కార్డు ఏ జేబులో పెట్టామో గుర్తుండని మనం దానికి బుర్ర చిన్నదని జాలిపడుతుంటాం. దీని రెక్క స్పష్టంగా పడాలంటే షట్టర్ సెకనులో రెండువేలో వంతు సేపే తెరుచుకోవాలి. ఆ వేగానికి ఆ వెలుతురు చాలదు. ఐఎస్ఓ, అంటే వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి, పెంచాలి. పెంచితే ఫొటో నిండా ఇసుక చల్లినట్టు నాయిస్. మంచు పడితే ఇంకో తంటా. అంత తెలుపును చూసి కెమెరా కంగారుపడి మొత్తం బూడిద రంగు చేసిపెడుతుంది, ఒకటో ఒకటిన్నరో స్టాపులు (ఫొటోలో వెలుతురుకు కొలత) మనమే పెంచుకోవాలి. కిటికీ మూసి తీద్దామా అంటే అద్దంలో మన మొహమే పడుతుంది. తెరిచి తీద్దామా అంటే గదిలోని వేడిగాలి బయటి చలిగాలితో కలిసి కదలాడి, పిట్ట ఈక ఒక్కటీ స్పష్టంగా రానివ్వదు. మిగిలిన దారి ఒక్కటే: గదిని కూడా బయటంత చల్లగా చేసుకోవడం. ఇంట్లోవాళ్లకు పక్షులంటే ఎంత ప్రేమో అప్పుడు తేలుతుంది. చికడీ అయితే చలిరాత్రి తన ఒంటివేడిని పది డిగ్రీల దాకా తగ్గించుకుని హాయిగా నిద్రపోయి, తెల్లారాక వణికి వణికి మళ్లీ వేడెక్కుతుంది. మనుషులకు ఈ సదుపాయం లేకపోవడం వల్లనే సంసారాల్లో టెన్షన్లు.

ఇక అతిథుల సంగతి. వలిసెలు పోస్తే గోల్డ్‌ఫించ్ వస్తుంది. కొవ్వు దిమ్మ వేలాడదీస్తే వడ్రంగిపిట్ట వస్తుంది. ఏం పెట్టినా పిచ్చుక వస్తుంది. ఏమీ పెట్టకపోయినా ఉడుత వస్తుంది.

పిచ్చుకకు జరుగుతున్న అన్యాయం గురించి ఒక్క మాట. అది పొద్దున్నే వస్తుంది, బంధుమిత్ర సపరివారంగా వస్తుంది, మంచులోనూ వస్తుంది, వచ్చి కొమ్మ మీద కుదురుగా కూర్చుంటుంది. ఫొటోగ్రాఫర్ ఒక మోడల్‌లో కోరుకునే లక్షణాలన్నీ దానికున్నాయి. అయినా ఎవరూ మీట నొక్కరు. ఎప్పుడో దారితప్పి వచ్చే పిట్ట కోసం బ్యాటరీ దాచుకుంటారు. పైగా ‘పిచ్చుక అడ్డొచ్చింది’ అని విసుక్కుంటారు. పిచ్చుకలు తగ్గిపోతున్నాయన్న వార్తను సాయంత్రం బరువెక్కిన గుండెతో షేర్ చేసేదీ ఆ చేతులే.

ఉడుత విషయానికొస్తే, వారధికి ఇసుక మోసిన వంశం ఇదేనంటే నమ్మడం కష్టం. అడ్డుగా గిన్నె బోర్లించినా, తీగ మీద వేలాడదీసినా, అది తలకిందులుగా వచ్చి తిని పోతుంది. గింజలకు కారం పట్టించడం ఒక్కటే దానికి కాస్త ఇబ్బంది. పక్షుల్లో మంటను పసిగట్టే గ్రాహకం మిరపలోని కాప్సైసిన్‌కు స్పందించదు, ఈ సంగతి పరిశోధకులు 2002లో ప్రచురించారు. కాబట్టి అవి ఆనందంగా తింటాయి. కారం కలిపిన చేత్తోనే వ్యూఫైండర్ దగ్గర కన్ను నలుపుకున్న దాతకు మాత్రం ఆ గ్రాహకం చక్కగా స్పందిస్తుంది.

అప్పుడప్పుడూ డేగ దిగుతుంది. అన్ని పిట్టలూ ఒకేచోట పోగైతే డేగకు అంతకంటే ఏం కావాలి? గింజలు పెట్టింది మనమే గనుక ఆ విందుకు ఆహ్వానం కూడా మనం పంపినట్టే. దాత మనసులో ఒక గొంతు ‘అయ్యో, నా అతిథి’ అంటుంది. ఇంకో గొంతు నొక్కమంటుంది. కెమెరా సెకనుకు 20 ఫొటోలు తీసేస్తుండగా మొదటి గొంతుకు వంతు రాదు. ఆ ఏడాదికి మంచి ఫొటో అదే అవుతుంది కూడా.

శాస్త్రజ్ఞులు ఈ వినయాన్ని మరీ కఠినంగా పరీక్షిస్తున్నారు. అమెరికాలోని కార్నెల్ పక్షిశాస్త్ర సంస్థ కెనడావాళ్లతో కలిసి 1987 చలికాలం నుంచి ఫీడర్‌వాచ్ అనే లెక్కింపు నడుపుతోంది. బ్రిటన్‌లో ఆర్‌ఎస్‌పీబీ అనే పక్షి సంరక్షణ సంస్థ 1979 నుంచి జనవరి చివర్లో జనం చేత ఒక గంట పక్షులను లెక్కపెట్టిస్తోంది. ఇద్దరి నిబంధనా ఒకటే: ఒక జాతి పక్షులు ఒకేసారి ఎన్ని కనిపిస్తే ఆ గరిష్ఠ సంఖ్యనే రాయాలి. ఒకే పిట్ట నలభైసార్లు వచ్చి వెళ్లినా ఒకటే. నలభైమందికి అన్నం పెట్టాననుకుంటున్నవాడి దగ్గర ఇంత నిర్దయ పనికిరాదు. అంతటితో ఆగారా? ‘మనం పెట్టకపోతే పాపం చచ్చిపోతాయి’ అన్న నమ్మకాన్నీ పరీక్షకు పెట్టారు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో చికడీల మీద జరిగిన అధ్యయనాల్లో, చలి మరీ ముదిరినప్పుడు ఫీడర్ ఉన్నచోట ఎక్కువ పిట్టలు బతికాయి. సంతోషం. కానీ ఏళ్ల తరబడి అలవాటైన ఫీడర్లు తీసేశాక కూడా, అవి ఫీడర్ ముఖం చూడని పిట్టల్లాగే చలికాలం గట్టెక్కాయి. మన సాయం తీసుకున్నాయి కానీ మన మీద ఆధారపడలేదన్నమాట. కృతజ్ఞత లేని జాతి.

ఇప్పుడు ఫ్రేము బయట ఏముందో చూద్దాం. ఫీడర్‌ను కిటికీకి మీటరు లోపు పెట్టాలి, లేదా పది మీటర్ల అవతల పెట్టాలి. మధ్యలో పెడితే, బెదిరి ఎగిరిన పిట్ట అద్దాన్ని తగిలే సమయానికి ప్రాణం తీసేంత వేగం అందుకుని ఉంటుంది. చిన్న పిట్ట ఫ్రేము నిండా రావడానికి మనకు నచ్చే దూరం సరిగ్గా ఆ మధ్యలోనే ఉంటుంది. శుభ్రత సంగతి అంతకంటే సున్నితమైనది. 1994లో అమెరికా తూర్పు ప్రాంతంలో హౌస్ ఫించ్ అనే పిట్టలకు కళ్లు వాచి మూసుకుపోయే జబ్బు బయటపడి, ఫీడర్ల మీదుగా పిట్టనుంచి పిట్టకు పాకింది. 2021లో పశ్చిమ రాష్ట్రాల్లో పైన్ సిస్కిన్ అనే పిట్టలు సాల్మొనెల్లా అనే బాక్టీరియాతో చనిపోతుంటే, కొంతకాలం ఫీడర్లు తీసేయండని అధికారులే చెప్పాల్సివచ్చింది. రెండు వారాలకోసారి గొట్టాన్ని కడిగి ఆరబెట్టమంటారు తెలిసినవాళ్లు. లెన్సుకైతే ప్రత్యేకమైన గుడ్డ ఉంది, కుంచె ఉంది, ఊదే బుడ్డి ఉంది, రోజుకు పదిసార్లు తుడవడం ఉంది. ఫీడర్ ఎలాగూ ఫొటోలో పడదు.

అందుకని నాదొక ప్రతిపాదన. ఫొటో కింద షట్టర్, అపర్చర్, ఐఎస్ఓ ఎలాగూ రాస్తున్నారు. వాటి పక్కనే ఇంకో మూడు వివరాలు తప్పనిసరి చేయాలి: గింజ రకం, కిటికీకి ఫీడర్‌కు మధ్య దూరం, ఫీడర్ చివరిసారి కడిగిన తేదీ. మొదటిది అందరూ ఉత్సాహంగా రాస్తారు. రెండోదానికి టేపు వెతుక్కుంటారు. మూడోదాని దగ్గరికొచ్చేసరికి చాలామంది ఆ ఏడాదికి ఫొటోగ్రఫీ మానేసి పక్షులను ఊరికే చూడటం మొదలుపెడతారని నా అంచనా.