సవరణ: చిత్రకారుడు కానిస్టేబుల్ గీసింది మఠం కాదు, కోట

ఇంగ్లిష్ చిత్రకారుడు జాన్ కానిస్టేబుల్ తైలవర్ణ చిత్రం 'హాడ్లీ కాజిల్' గురించి నిన్న రాస్తూ, అందులోని శిథిలాలను పాత క్రైస్తవ మఠంగా చెప్పాను. తప్పు. అది ఎసెక్స్‌లో థేమ్స్ నది సముద్రంలో కలిసేచోట, గుట్టమీద ఉన్న 13వ శతాబ్దపు కోట. క్షమించండి.

ఇంకో పొరపాటు: నేను జతచేసిన బొమ్మ లండన్ టేట్ మ్యూజియం‌లోని పూర్తిసైజు చిత్తు చిత్రం. 1829లో రాయల్ అకాడమీలో ప్రదర్శించిన అసలు చిత్రం అమెరికాలో, యేల్ సెంటర్ ఫర్ బ్రిటిష్ ఆర్ట్ మ్యూజియం‌లో ఉంది.

తేదీలూ కలగాపులగం చేశాను. ఆయన ఆ కోటను చూసింది 1814లో, మరియాతో పెళ్లికి రెండేళ్ల ముందు. పెద్ద చిత్రం వేసింది మాత్రం 1828 నవంబరులో ఆమె పోయాక. చీలిన ఆ బురుజును, కమ్ముకున్న మబ్బులను ఈ సంగతి తెలిసి చూస్తే గుండె బరువెక్కుతుంది. అందుకే ఈ తేదీలు సరిదిద్దకుండా ఉండలేకపోయాను.